ఒక్క సీజన్ అమ్మితే ఏమవుతుంది?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఒక మండల కేంద్రం. చాలా ఏళ్లుగా విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. తాతల కాలం నుంచి మేం సంఘ సభ్యులం. నాలుగేళ్లుగా మా దగ్గరి రైతులంతా గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనమే కావాలంటున్నారు. దానికి అనుమతి లేదు, లూజుగా వస్తది, బిల్లు ఉండదు. నేను అమ్మనని చెప్పాను. విత్తనం కోసం వేరే షాపుకు పోయిన రైతు యూరియా, డీఏపీ, పురుగుమందులు కూడా అక్కడే కొంటాడు. గిరాకీ సగానికి పడిపోయింది. 11 లక్షల అప్పు ఉంది, రెండు రూపాయల మిత్తి. మా ఎదుటి షాపు ఆయన మా సంఘంలో పెద్ద. ఆయన ఆ విత్తనమే అమ్ముతాడు. బంగ్లా కట్టాడు, కారు కొన్నాడు. మొన్న కృతజ్ఞతారాధనలో సాక్ష్యం చెప్తే పాస్టరుగారు 1 సమూయేలు 2:30 చదివి, “దేవుణ్ణి ఘనపరిచినవాణ్ణి దేవుడు ఇట్లా ఘనపరుస్తాడు” అన్నారు. ఇంటికి వచ్చాక నా భార్య, “మరి ఇన్నేండ్లు మనం ఎవరిని ఘనపరిచినట్టు?” అని అడిగింది. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మా పాపను హైదరాబాదులో పెద్ద కాలేజీలో ఇంటర్ చదివిస్తానని మాటిచ్చాను, ఫీజు కట్టే దారి కనిపించడం లేదు. నేను చేసింది నమ్మకత్వమా, తెలివితక్కువతనమా? ఒక్క సీజన్ అమ్మి, అప్పు తీర్చేసి, మళ్లీ మానేస్తే దేవుడు క్షమించడా?
– ఒక సోదరుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. రోహిణి కార్తె దగ్గర పడ్డాక ఆలోచించుకోవడానికి టైమ్ ఉండదు, సరుకు తెచ్చేవాడు వచ్చి తలుపు తడతాడు. అమ్మొద్దు. ఒక్క సీజన్ కూడా వద్దు.

దేవుడు క్షమించడా అని అడిగావు. పశ్చాత్తాపపడినవాణ్ణి ఆయన క్షమిస్తాడు, అందులో నాకు అనుమానం లేదు. నా భయం వేరే. వచ్చే ఏడు పశ్చాత్తాపపడతానని ఈ ఏడు మొదలుపెట్టేవాడికి, వచ్చే ఏడు ఆ మనసు ఉంటుందని హామీ ఎవరిస్తారు? పైగా 11 లక్షలు ఒక్క సీజన్‌తో తీరవని నాకంటే నీకే బాగా తెలుసు. నిరుడు ఇచ్చావు కదా అని రైతు వస్తాడు, పాత బాకీ ఉంది కదా అని సరుకు తెచ్చేవాడు వస్తాడు. ఇద్దరికీ ఏం చెబుతావు? నాలుగేళ్లుగా నీ నోట్లో ఉన్న “అమ్మను” అన్న మాటకు మన్నన ఉంది. ఒక్కసారి అమ్మాక అదే మాట అంటే, రేటు పెంచుతున్నాడు అనుకుంటారు.

నీ ఉత్తరంలో రాయకపోయినా నీ మనసులో మెదిలే ఇంకో మాట ఉండే ఉంటుంది. రైతే కదా అడుగుతున్నాడు, నేను ఎవరిని మోసం చేసినట్టు? ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. పత్తి చేనులో కలుపు తీయించడమంటే ఏమిటో మన పల్లెల్లో అందరికీ తెలుసు. వానలు పట్టి వారం రోజులు ముసురుంటే మొక్క కంటే గడ్డి ఎత్తు పెరుగుతుంది. కూలీలు దొరకరు. దొరికితే కూలి, ఆటో కిరాయి, చాయ నీళ్లు అన్నీ కలిపి రైతు నడుం విరుగుతుంది. ఒక్క మందు కొడితే గడ్డి చచ్చి పత్తి నిలుస్తుందంటే ఎవరికి ఆశ ఉండదు? అడిగే రైతు చెడ్డవాడు కాడు, అలసిపోయినవాడు.

అయితే ఆ రైతు చేతికి ఏం వెళ్తుందో చూడు. నీ దగ్గర అనుమతి ఉన్న బీటీ-2 పత్తి విత్తనం ప్యాకెట్ కొన్నాడనుకో. 475 గ్రాములు, 2025 సీజన్‌కు కేంద్రం కట్టిన ధర 901 రూపాయలు. ప్యాకెట్ మీద కంపెనీ పేరు, లాట్ నంబరు, గడువు తేదీ, మొలక శాతం ఉంటాయి. నువ్వు బిల్లు రాస్తావు, అందులో ఆ లాట్ నంబరు వేస్తావు, సంతకం పెట్టి ఇస్తావు. ఆ బిల్లును రైతు భార్య పాస్‌బుక్కు సంచిలో దాస్తుంది. గింజ మొలవకపోయినా, చేను ఏపుగా పెరిగి కాయ పట్టకపోయినా, ఆ కాగితం పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పోవచ్చు, నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కూ పోవచ్చు. లూజు విత్తనం కొన్నవాడి దగ్గర ఏముంటుంది? పేరు లేని కవరు. ఫిర్యాదు చేద్దామంటే తానే నిషేధించిన విత్తనం వేశానని ఒప్పుకున్నట్టవుతుంది. పంట పోయినా నోరు మూసుకుని కూర్చోవాలి. మన దేశంలో 2002లో బీటీ పత్తికి, 2006లో బీటీ-2కు అనుమతి వచ్చింది. గడ్డిమందు తట్టుకునే రకానికి రాలేదు. డీలరు ప్రతి అమ్మకానికీ బిల్లు ఇచ్చి తీరాలని 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. నకిలీ విత్తనాల వాళ్ల మీద మన రాష్ట్రంలో పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కూడా పెట్టారు.

ఈ చట్టాల సంగతి నీకు తెలియదని చెప్పడం లేదు. నీ నమ్మకత్వం ఎవరికి ఉపయోగపడిందో నువ్వు మర్చిపోతున్నావేమోనని చెబుతున్నాను. ఏ ప్రతిఫలమూ రాలేదని బాధపడుతున్నావు. నాలుగేళ్లలో నీ షాపు మెట్లు ఎక్కిన ప్రతి రైతు చేతిలో ఒక కాగితం పెట్టి పంపావు. నీ పొరుగువాణ్ణి ప్రేమించు అన్న ఆజ్ఞ నీ వ్యాపారంలో ఆ బిల్లు పుస్తకం రూపంలో కనిపించింది.

ఇక పాస్టరుగారు చదివిన వాక్యం. ఆయన మీద నాకు కోపం లేదు, కానీ ఆ వాక్యాన్ని ఆ సందర్భంలో వాడటం మాత్రం తప్పు. 1 సమూయేలు 2వ అధ్యాయం మొత్తం ఒకసారి ఇంట్లో కూర్చుని చదువు. షిలోహులో ఏలీ యాజకుడు. ఆయన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. పల్లెల నుంచి జనం బలి అర్పించడానికి వస్తే, మాంసం ఉడుకుతుండగా ఈ కొడుకుల నౌకరు మూడు ముళ్ల కొంకి పట్టుకుని వచ్చేవాడు. కుండలో గుచ్చి ఎంత వస్తే అంత తీసుకుపోయేవాడు. కొన్నిసార్లు ఉడకకముందే పచ్చిమాంసం ఇమ్మనేవాడు. ముందు కొవ్వు దేవునికి దహించనీ అని భక్తుడు బతిమాలితే, ఇప్పుడే ఇస్తావా, బలవంతంగా లాక్కోమంటావా అనేవాడు. అప్పుడు ఒక దైవజనుడు ఏలీ దగ్గరికి వచ్చి, నా ప్రజలు తెచ్చే అర్పణల్లో శ్రేష్ఠమైనవి తిని మీరు కొవ్వు పట్టారు, నాకంటే నీ కొడుకులనే ఎక్కువ చేసుకున్నావు అని దేవుని మాట చెప్పాడు. “నన్ను ఘనపరచువారిని నేను ఘనపరచుదును” అనే మాట ఆ వెంటనే వస్తుంది. జనం కష్టార్జితాన్ని తిని బలిసిన ఒక భక్తుడి కుటుంబానికి ఇచ్చిన హెచ్చరిక అది. రైతు కష్టం మీద కట్టిన బంగ్లాకు ఆశీర్వాదంగా దాన్ని చదివితే, వాక్యం ఎవరిని గద్దించిందో వాళ్లకే దండ వేసినట్టయింది.

మరి ఆ పుస్తకంలో దేవుడు ఘనపరిచింది ఎవరిని? అదే గుడారంలో దీపం దగ్గర పడుకుని పెరిగిన పిల్లవాడు సమూయేలును. ఆయనకు ఏం దొరికింది? 12వ అధ్యాయానికి రా. సమూయేలు ముసలివాడయ్యాడు, తల నెరిసింది. కొడుకులు లంచాలు తిన్నారు, పేరు చెడగొట్టారు. జనం, నువ్వు వద్దు మాకు రాజు కావాలి అన్నారు. ఆయన స్థానంలో సౌలు వచ్చి కూర్చున్నాడు. లోకం కొలిచే పద్ధతిలో కొలిస్తే ఏ లెక్కన చూసినా అది ఓటమే. అలాంటి రోజున ఆయన అందరి ముందు నిలబడి అడిగాడు: నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా? ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా? ఎవరినైనా మోసం చేశానా? ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకుని కళ్లు మూసుకున్నానా? ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను. జనమంతా ఒక్కమాటగా, నువ్వు మాకు ఏ అన్యాయమూ చేయలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు అన్నారు.

నాకు తెలిసినంతలో బైబిల్లో ఇంతకంటే మంచి సాక్ష్యం తక్కువ. ఇందులో ఇల్లు లేదు, బండి లేదు, కొడుకుకు ఉద్యోగం లేదు. నువ్వు డిండి వైపు గానీ, చందంపేట వైపు గానీ ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా నిలబడి “నా విత్తనం వల్ల ఎవరి చేను పోయింది, చెప్పండి” అని అడగగలవు. మీ సంఘపెద్ద అడగగలడా? ఆయన సాక్ష్యం గుడి లోపల చెల్లింది. ఊళ్లోకి వెళ్లి అదే మైకులో చెప్పమను.

నీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నమ్మకంగా ఉన్నవాడు ఎందుకు చితికిపోవాలి? దీనికి నీకు ఊరటగా ఏదో ఒకటి చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీసి చూడు. హేరోదు యాకోబును ఖడ్గంతో చంపించాడు. తర్వాత పేతురును పట్టుకున్నాడు, దేవదూత వచ్చి సంకెళ్లు ఊడదీసి బయటికి తెచ్చాడు. ఇద్దరూ యేసు వెంట నడిచినవాళ్లే. యాకోబు విశ్వాసంలో లోపం ఉందని లూకా ఒక్క మాట కూడా రాయలేదు. యాకోబు తల్లి ఆ వారం సంఘంలో పేతురు సాక్ష్యం వింటూ కూర్చుని ఉంటే ఆమె మనసు ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను. నీ భార్య ఆ ఆరాధనలో కూర్చున్నప్పుడు ఆమె మనసు కూడా అంతే కదా. హెబ్రీ 11లో విశ్వాసం వల్ల కొందరు ఖడ్గధారను తప్పించుకున్నారని ఒక వచనంలో ఉంది, మూడు వచనాల తర్వాత కొందరు ఖడ్గంతో చంపబడ్డారని ఉంది. రెండు రకాల వాళ్లూ ఒకే జాబితాలో ఉన్నారు.

మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్ల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1890 ప్రాంతంలో నల్లగొండలో బాప్టిస్టు మిషన్ కింద పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వచ్చిన మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. అప్పటికి అక్కడి మెన్నోనైట్లు స్థితిమంతులు. గోధుమ పొలాలు, పిండి మిల్లులు, వ్యవసాయ పనిముట్ల కార్ఖానాలు ఉండేవి. ఇక్కడి పనికి డబ్బు పంపింది వాళ్లే. 1917 రష్యా విప్లవం, ఆ తర్వాతి అంతర్యుద్ధం వచ్చాయి. ఊళ్లకు ఊళ్లు దోపిడీకి గురయ్యాయి, ఎందరో చనిపోయారు, 1921–22 కరువులో మిల్లులున్న ఇళ్లలోనే పిండి లేకుండా పోయింది. వాళ్లకు తిండి పెట్టడానికి అమెరికాలోని మెన్నోనైట్లు 1920లో ఒక సహాయ సంస్థనే పెట్టాల్సి వచ్చింది. వేలమంది ఉన్నదంతా వదిలేసి కెనడాకు పోయారు. ధాన్యం నిండిన ఇళ్లలో చేసిన ప్రార్థనలే వాళ్లు ఖాళీ ఇళ్లలోనూ చేశారు. ఒక తరం భక్తికి మెచ్చి ఇచ్చాడు, ఇంకో తరం భక్తి చాలక లాక్కున్నాడు అని ఎవరైనా చెబితే నేను నమ్మను.

ఇక్కడ మొదట నమ్మిన మనవాళ్ల సంగతి? ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. నిజాం పాలన, దొరల గడీలు, వెట్టి. బాప్తిస్మం పొందిన మర్నాడు కూడా చాలామంది వెట్టికి పోవాల్సిందే. సెంటు భూమి పెరగలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా కూడా లేకుండా పోయింది. అయినా ఆ ముసలివాళ్లు పాటలు పాడుతూనే బతికారు. దేవుణ్ణి నమ్మితే ఏం లాభం వచ్చిందని వాళ్లను అడిగితే, లాభం అన్న మాట ఆ చోటికి ఎలా వచ్చిందో వాళ్లకు అర్థమయ్యేది కాదనుకుంటాను.

ఇలా చెబుతున్నానని డబ్బు పాపమనీ, నష్టపోవడమే పరిశుద్ధత అనీ అనుకోకు. అబ్రాహాము కలిగినవాడు. ఊదారంగు పొడి అమ్మే లూదియ వ్యాపారస్తురాలు, పౌలుకు ఇల్లు ఇచ్చింది. మీ ఎదుటి షాపు ఆయన బంగ్లా కట్టడంలో తప్పు లేదు, ఎక్కడి డబ్బుతో కట్టాడన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న నువ్వు ఆయనకు ఎదురుగా వేయాలి, నా దగ్గర కాదు. మత్తయి 18 చెప్పినట్టు ఒంటరిగా వెళ్లు. షాపులో గిరాకీ ఉన్నప్పుడు వద్దు, సాయంత్రం ఇంటికి వెళ్లు. “అన్నా, ఆ విత్తనం మానేయి, రైతు దగ్గర ఏ ఆధారమూ ఉండటం లేదు” అని చెప్పు. కారు గురించి, సాక్ష్యం గురించి ఒక్క మాట కూడా ఎత్తొద్దు, ఎత్తితే అది ఈర్ష్యగా వినిపిస్తుంది, కొంచెం అయి కూడా ఉంటుంది. ఆసాపు 73వ కీర్తనలో తన కడుపులో మంట దాచుకోలేదు. “నా హృదయము నేను శుద్ధిచేసికొని యుండుట వ్యర్థమే” అని రాసుకున్నాడు. నువ్వు కూడా ఆ మాట దేవుని దగ్గర అనవచ్చు. మీ సంఘపెద్ద నీ మాట వినకపోతే ఒకరిద్దరిని తీసుకుని మళ్లీ వెళ్లు. అప్పటికీ మానకుండా రైతుల చేలు పోతుంటే మండల వ్యవసాయాధికారికి చెప్పడం ద్రోహం కాదు. చెప్పే ముందు మాత్రం, ఆయన షాపు మూతపడాలని చెబుతున్నానా, రైతు బతకాలని చెబుతున్నానా అని నిన్ను నువ్వు అడుగు.

ఇది చదివే పాస్టర్లతో కూడా ఒక మాట. మన సంఘాల్లో మైకు ఎవరి చేతికి వెళ్తోందో ఒక ఏడాది గమనించండి. వీసా వచ్చినవాడు, ప్లాటు కొన్నవాడు, కారుకు ప్రార్థన చేయించుకున్నవాడు. కోత పండుగనాడు వడ్లు, పత్తి, కోళ్లు వేలం వేస్తాం, ఎక్కువ పాట పాడినవాడి పేరు నాలుగుసార్లు చదువుతాం. వెనక వరసలో ఒకడు దొంగ సరుకు అమ్మనన్నందుకు గిరాకీ పోగొట్టుకుని కూర్చున్నాడు. అతణ్ణి పిలిచి ఒక్కసారైనా నిలబెట్టామా? అతని భార్య ముందు అతనికి ఒక్క మంచిమాట చెప్పామా? “గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడై యుండుట అవశ్యము” అని పౌలు కొరింథీయులకు రాశాడు. గెలిచినవాడై యుండుట అవశ్యమని రాయలేదు.

తమ్ముడూ, ఇప్పుడు నీ షాపు. నీ నష్టమంతా తీసుకెళ్లి నమ్మకత్వం ఖాతాలో రాయకు. రెండు రూపాయల మిత్తి అంటే 11 లక్షల మీద నెలకు 22 వేలు, ఏడాదికి 2 లక్షల 64 వేలు. సగం గిరాకీతో నడిచే మండల కేంద్రపు దుకాణం ఇంత మిత్తి మోయలేదు. నిండు గిరాకీ ఉన్నా కష్టమే. ముందు ఆ మిత్తి సంగతి చూడు. బ్యాంకులో ముద్ర రుణం కింద వ్యాపారానికి 10 లక్షల వరకు అడగవచ్చు. లైసెన్సు, జీఎస్టీ రిటర్నులు, బిల్లు పుస్తకాలు సరిగ్గా ఉన్నవాడివి, నిజాయితీ ఇక్కడ కాస్త అక్కరకొస్తుంది. అమ్మగలిగిన ప్లాటో బంగారమో ఉంటే పెద్ద మిత్తి అప్పు ముందు తెంపెయ్యి. ఆ తర్వాత ఉద్దెర పుస్తకం తెరువు. ఎంత బయట ఉంది? నీలాంటివాళ్లు మొహమాటంతో అడగరు. పత్తి సీసీఐకి (భారత పత్తి సంస్థకు) అమ్మితే డబ్బు రైతు ఖాతాలోనే పడుతుంది, ఆ వారంలోనే వెళ్లి మర్యాదగా అడుగు. మన డబ్బు మనం అడగడం అవిశ్వాసం కాదు.

ఇంకొకటి, దీని మీద నాకు చాలా ఆశ ఉంది. రైతుకు కావలసింది దొంగ విత్తనం కాదు కదా, కలుపు బాధ తప్పడం. దానికి నువ్వు ఏం చూపించావు? అమ్మనని మాత్రమే చెప్పి పంపితే రైతు ఎదుటి షాపుకు పోక ఏం చేస్తాడు? పత్తిలో అనుమతి ఉన్న కలుపుమందులు ఉన్నాయని నీకు తెలుసు. విత్తిన ఒకటి రెండు రోజుల్లో తడి నేల మీద పెండిమిథాలిన్, ఇరవై పాతిక రోజులకు వెడల్పాకు గడ్డికి పైరిథయోబాక్ సోడియం, సన్నాకు గడ్డికి క్విజలోఫాప్. మందు అమ్మడంతో ఆపకుండా ఏ రోజు, ఎంత మోతాదు, ఏ నాజిల్‌తో కొట్టాలో చెప్పగలిగితే రైతు నీ దగ్గరే కూర్చుంటాడు. సాళ్ల మధ్య తిప్పే పవర్ వీడరు ఒకటి కొని కిరాయికి ఇవ్వు. నాగర్‌కర్నూల్ దగ్గర పాలెంలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, మీ జిల్లాలో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వాళ్ల దగ్గరికి వెళ్లి మీ వైపు నల్లరేగడికి, ఎర్ర చెలకకు వేర్వేరుగా కలుపు పద్ధతి రాయించుకుని రా. తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి షాపు ముందు కట్టు. పావురాల్లా నిష్కపటంగా ఉండమన్న ప్రభువు అదే వాక్యంలో పాముల్లా వివేకంగా ఉండమన్నాడు. నువ్వు పావురం సగం మాత్రమే చేశావు.

ఇవన్నీ చేసినా షాపు నిలబడకపోవచ్చు. నిలబడుతుందని నేను మాటివ్వలేను, దేవుని పేరు మీద అసలే ఇవ్వలేను. ముగ్గురు యూదా యువకులు అగ్నిగుండం ముందు “ఒకవేళ ఆయన రక్షింపకపోయినను” అన్నారు కదా, ఆ మాట దాటి వెళ్లే అధికారం నాకు లేదు. మూయాల్సి వస్తే నిటారుగా నిలబడి మూయి. ఎవరికి ఎంత ఇవ్వాలో రాసి, వాయిదాలు అడిగి, ఒక్కొక్కటీ తీర్చు. నష్టం కలిగినా మాట తప్పనివాడు దేవుని గుడారంలో ఉంటాడని 15వ కీర్తన చెబుతుంది. విత్తనాల గురించి ఇంత తెలిసినవాడికి వేరే దారి దొరకడం అసాధ్యం కాదు.

ఇంట్లో విషయం చివరికి ఉంచాను కానీ నాకు ఎక్కువ దిగులు దాని గురించే. “ఎవరిని ఘనపరిచినట్టు?” అని నీ భార్య అడగడం అవిశ్వాసం అనుకోకు. అమ్మకూడదన్న నిర్ణయం నువ్వు ఒక్కడివే తీసుకున్నావని నీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. “నేను అమ్మనని చెప్పాను” అని రాశావు, “మేం అమ్మమని చెప్పాం” అని రాయలేదు. నిర్ణయం నీది, గుడికి పాత చీరతో వెళ్లి ఆ సాక్ష్యం విన్నది ఆమె. చుట్టాల ఫంక్షన్లలో మాటలు పడ్డది కూడా ఆమే అయి ఉంటుంది. అప్పు లెక్క మొత్తం ఆమె ముందు పెట్టు, దాచినవి ఉంటే అవి కూడా. ఎవరెవరు రైతులు వచ్చి అడిగారో, ఏమని పంపావో పేర్లతో సహా చెప్పు. 1 సమూయేలు 12వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. ఆ తర్వాత ఆమె ఏం చెబుతుందో విను. నీకు తట్టని దారి ఆమెకు తట్టవచ్చు.

పాపకు మాటిచ్చావు, అది నిలబెట్టుకోలేకపోతున్నందుకు ఆమెను కూర్చోబెట్టి క్షమాపణ అడుగు. డబ్బుల్లేవని చెప్పి వదిలేయకు, ఎందుకు లేవో కూడా చెప్పు. ఇంటర్ చదివే వయసు పిల్లకు ఇది అర్థమవుతుంది. గురుకుల జూనియర్ కాలేజీలో సీటు కోసం ప్రయత్నించండి, అక్కడ చదివి డాక్టర్లు, ఇంజినీర్లు అయిన పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. దరఖాస్తు గడువులు ముందే తెలుసుకోండి, సీటు దాని వల్లే పోతుంటుంది.

బ్యాంకుకు వెళ్లే రోజు నీ భార్యను కూడా వెంట తీసుకెళ్లు. పాలెం ప్రయాణం మాత్రం రోహిణి కార్తెకు ముందే పెట్టుకో.